గొడ్లచావిడిలో ఈగ: దాని పూర్వచరిత్ర

 

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో పాడి లేని రైతు ఇల్లు తక్కువ. ఈగ లేని గొడ్లచావిడి అసలే లేదు. గేదెకు మనం లెక్క పెట్టుకుంటాం. పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చింది, వెన్న ఎంత పడింది, ఎప్పుడు ఎదకు వచ్చింది, ఎప్పుడు చూడి నిలిచింది, అన్నీ మనకు నోటికి వచ్చు. ఈగకు మాత్రం ఏ లెక్కా లేదు. గేదె తోకతో విసురుకుంటుంది, మనం తువ్వాలుతో విసురుకుంటాం, అంతటితో సరి. పొదుగువాపు వస్తే దిష్టి తగిలిందంటాం. దూడ పారుకుంటే పాలు ఎక్కువ తాగిందంటాం. పాలకేంద్రంలో పాలు విరిగాయంటే ఎండమీద నేరం వేస్తాం. ఈగ పేరు ఎవరమూ ఎత్తం.

ఆ పేరు మనుషులు ఎప్పుడు ఎత్తారు, ఎత్తిన తరవాత ఏం చేశారు, చేసినదాంట్లో ఏది నిలిచింది, ఏది బెడిసికొట్టింది అనే కథ ఈ పూట చెబుతాను. ఈ కథలో ఈగ ఎంత ఉన్నదో పేడ కూడా అంతే ఉన్నది. పేడ ఏ దారిన పోయిందో ఈగ ఆ దారినే పెరిగింది. అది మీరే చూస్తారు.

కథకు ముందు, మనిషిని గుర్తుపట్టినట్టు ఈగను గుర్తుపట్టాలి. మన చావిళ్లలో ముఖ్యంగా మూడు రకాలు తిరుగుతుంటాయి. మొదటిది అందరికీ తెలిసిన ఇంటి ఈగ. దీనికి పళ్లు లేవు, సూది లేదు; స్పంజి వంటి మూతి ఉన్నది. గట్టి పదార్థంమీద వాలితే ముందు తన కడుపులోని ద్రవాన్ని దానిమీద కక్కి, నానబెట్టి, ఆ తరవాత పీల్చుకుంటుంది. కక్కినదాంట్లో అంతకు ముందు తిన్నదేదో ఉండనే ఉంటుంది. పేడమీదనుంచి లేచివచ్చి పాలచెంబు అంచున వాలిన ఈగ అక్కడ ఏం చేస్తుందో ఇక విడమరచి చెప్పనక్కరలేదు. పైగా దాని కాళ్లనిండా సన్నని నూగు, పాదాలకు జిగట మెత్తలు. ఎక్కడ నడిస్తే అక్కడి మురికి వాటికి అంటుకుంటుంది.

రెండవది కుట్టే ఈగ. చూపులకు ఇంటి ఈగ లాగానే ఉంటుంది కాబట్టి చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. దగ్గరికిపోయి చూడండి, మూతి సూదిలాగ ముందుకు పొడుచుకొని ఉంటుంది. ఆడది, మగది రెండూ రక్తం తాగుతాయి. ఎక్కువగా పశువు కాళ్లనే కుడతాయి. పాలు పిండే వేళ గేదె ఊరికే కాళ్లు నేలకేసి కొడుతూ, బకెట్టు తన్నేస్తూ ఉంటే దానికి పొగరెక్కిందని కర్ర తీయకండి. ముందు కాళ్లవంక చూడండి.

మూడవది జోరీగ. దీన్ని పరిచయం చేయనక్కరలేదు. పెద్ద కళ్లు, బొయ్యిమనే మోత, కుడితే కారే రక్తం. ఇందులో ఆడది మాత్రమే రక్తం తాగుతుంది. కాలువగట్ల తడి బురదలో, చిత్తడి నేలల్లో దీని పిల్లలు పెరుగుతాయి. తెనాలి ఊరి మధ్యనుంచే మూడు కాలువలు పోతున్నవి. రేపల్లె వైపు డెల్టా చివర మురుగు కాలువలు వానాకాలంలో ఎదురు తన్నుతాయి. జోరీగకు ఇంతకంటే మంచి ఊళ్లు ఎక్కడ దొరుకుతాయి?

ఇక కథ.

రోగానికి కారణం కంటికి కనబడని సూక్ష్మజీవులని పందొమ్మిదవ శతాబ్దపు రెండవ సగంలో తేలింది. అవి ఒక పశువునుంచి మరొక పశువుకు ఎలా పోతాయనే ప్రశ్న అప్పుడు బయలుదేరింది. దానికి జవాబు వెతకడంలో మన దేశం వెనకబడి లేదు. 1880లో పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సైన్యపు గుర్రాలు, ఒంటెలు సర్రా అనే రోగంతో పడిపోతూ ఉంటే, గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు వాటి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. ఎర్రకణాల నడుమ మెలికలు తిరుగుతూ ఈదే పరాన్నజీవి ఒకటి కనబడింది. ఇప్పటికీ ఆ జీవిని ఎవాన్స్ పేరుతోనే పిలుస్తారు. పశువుల రక్తంలో ఆ జాతి జీవి రోగం కలిగిస్తుందని ప్రపంచంలో మొదట తెలిసింది అక్కడే.

రక్తంలో ఉన్నది సరే, మరో పశువు రక్తంలోకి ఎలా పోయింది? పశురోగాల పరిశోధన కోసం 1889లో పూనాలో పెట్టిన ప్రభుత్వ ప్రయోగశాల 1893లో హిమాలయాలలోని ముక్తేశ్వర్‌కు మారింది. అక్కడ లియొనార్డ్ రోజర్స్ అనే వైద్యుడు జోరీగలను పట్టి, సర్రా ఉన్న జంతువును కుట్టించి, వెంటనే ఆరోగ్యంగా ఉన్న జంతువుమీద వదిలాడు. దానికి రోగం వచ్చింది. అవే ఈగలను ఒక రోజు ఆపి వదిలితే రాలేదు. ఈ సంగతి ఆయన 1901లో ప్రకటించాడు.

దీన్ని కాస్త నిలబడి ఆలోచించండి. పరాన్నజీవి జోరీగ కడుపులో కాపురం పెట్టి పెరగడంలేదు. మూతికి అంటిన తడి రక్తంలో కొద్దిసేపు మాత్రమే బతికి ఉంటున్నది. జోరీగ కుడుతుంటే గేదె తల విసురుతుంది, తోక విసురుతుంది. సగం తాగిన జోరీగ లేచి పక్క గేదెమీద వాలుతుంది. ఆ పక్కనున్న గేదె ఎంత దగ్గరగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. దూరంగా, ఒక యాభై మీటర్ల అవతల కట్టిన పశువుదాకా పోవడం తక్కువ. తిరిగి మొదటి పశువునే పట్టుకుంటుంది. జబ్బుపశువును మందకు దూరంగా కట్టమని పశువైద్యుడు చెప్పేమాట వెనక ఇంత చరిత్ర ఉన్నది. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే సూదితో వరసగా పది గేదెలకు ఇంజక్షను పొడుచుకుంటూ పోయే మనిషి జోరీగ చేసే పనే చేస్తున్నాడు. సూది మార్చమని అడగడానికి మొగమాటపడకండి.

ఎవాన్స్‌కూ రోజర్స్‌కూ మధ్య, 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడమీద మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఇది మీకు బడిపుస్తకంలోనే వచ్చి ఉంటుంది. దోమ కూడా ఈగ కుటుంబానిదే. రెండు రెక్కల పురుగు. అయితే దోమలో పరాన్నజీవి పెరిగి, మారి, ఆ తరవాత మనిషికి పోతుంది. జోరీగ ఉత్త కూలివాడు, దోమ కౌలుదారు అనుకోండి. ఇంటి ఈగ మాత్రం ఈ రెండింటికంటె చులకనైనదిగా ఆనాటికి మిగిలిపోయింది. కుట్టనిది, రక్తం తాగనిది, ఇదేం చేస్తుందిలే అనుకున్నారు.

ఆ చులకన పోగొట్టినది యుద్ధం. 1898లో అమెరికా, స్పెయిన్ పోట్లాడుకున్నప్పుడు అమెరికా సైనిక శిబిరాలలో టైఫాయిడు చెలరేగింది. ఇరవై వేలమందికి పైగా సైనికులు పడకవేశారు. తుపాకిగుండుకంటె టైఫాయిడు ఎక్కువమందిని చంపింది. కారణం వెతకడానికి వాల్టర్ రీడ్, విక్టర్ వాన్, ఎడ్వర్డ్ షేక్‌స్పియర్ అనే ముగ్గురు వైద్యులను పంపారు. శిబిరంలో మరుగుదొడ్డి గుంటలమీద సున్నం చల్లేవారు. భోజనాల గుడారాలలో అన్నంమీద నడిచే ఈగల కాళ్లకు అదే తెల్లని సున్నం అంటుకొని ఉండడం వాళ్లు చూశారు. అంతకంటె సాక్ష్యం ఏం కావాలి? ఈగ తన దారి తానే ముగ్గువేసి చూపించింది.

పదేళ్లకు ఆ ప్రశ్న పాలదగ్గరికి వచ్చింది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, స్టోర్స్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1908లో పాలలోకి సూక్ష్మజీవులు ఎక్కడెక్కడినుంచి వస్తున్నవని వెతికారు. అందులో భాగంగా 414 ఈగలను పట్టి, కడిగి, లెక్కవేశారు. ఒక్కొక్క ఈగమీద తక్కువలో తక్కువ 550, ఎక్కువలో ఎక్కువ 66 లక్షలు, సగటున 12 లక్షల 50 వేల సూక్ష్మజీవులు తేలాయి. ఇవన్నీ రోగం తెచ్చేవి కావు, పాలు పులియబెట్టేవి కూడా ఉంటాయి. కాని పాలవాడికి రెండూ నష్టమే. అనుకూలమైన వేడిలో ఒక సూక్ష్మజీవి ఇరవై నిమిషాలకు రెండవుతుంది. ఆ లెక్కన నాలుగు గంటలలో ఒకటి 4096 అవుతుంది. తెల్లవారుజామున పిండిన పాలు మూతలేని క్యానులో, ఎండలో, బండి వచ్చేదాకా కూర్చుంటే ఏమవుతాయో మీరే లెక్క కట్టండి. పాలకేంద్రాలలో మిథిలీన్ బ్లూ పరీక్ష అని చేస్తారు. పాలలో నీలిరంగు కలిపి అది ఎంతసేపటికి తెల్లబడుతుందో చూస్తారు. త్వరగా తెల్లబడితే పాలలో సూక్ష్మజీవులు ఎక్కువ అన్నమాట. ఆ గొట్టంలో తెల్లబడుతున్నది మన చావిడి పరువు.

"మరగబెడితే అన్నీ చస్తాయి గదా" అని కొందరు అంటారు. సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. కాని పొదుగువాపు కలిగించే సూక్ష్మజీవులలో ఒకటి పాలలో విషం విడిచిపెడుతుంది. ఆ విషం మరిగినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టేది దానివల్లే.

ఇంతవరకు పరదేశాలు తిరిగి వచ్చాం. ఇప్పుడు మన డెల్టాకు వద్దాం. పైన పేడదారి అన్నానే, అది ఇక్కడే కనబడుతుంది.

విజయవాడ దగ్గర కృష్ణమీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలువలు వచ్చాయి, జొన్న, మెట్టపైరు పోయి వరి వచ్చింది. పచ్చికబీళ్లు దుక్కి కిందికి పోయాయి. బీళ్లలో మేసే పశువు పేడ బీడులోనే పడి, ఎండలో పలచగా ఆరిపోతుంది. పేడపురుగులు దాన్ని మట్టిలోకి లాగుతాయి. బీడు పోయినప్పుడు పశువు చావిడిలోకి వచ్చింది, దానితోపాటు పేడ కూడా చావిడిలోకి వచ్చింది. వరిగడ్డి మేత అయింది. గాడిలో మిగిలిన గడ్డి కాళ్లకింద పడి, మూత్రంలో తడిసి, కుళ్లడం మొదలయింది. కుట్టే ఈగకు కావలసింది సరిగ్గా అదే. ఉత్త పేడకంటె కుళ్లిన తడిగడ్డి దానికి ఎక్కువ ఇష్టం. డెల్టా మనకు అన్నం పెట్టింది, దానికి ఇల్లు కట్టించింది.

అయినా ఆ రోజుల్లో పేడ ఒకచోట గుట్టపడకుండా రెండు పనులు అడ్డుపడేవి. ఒకటి పిడకలు. ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే పేడ ఎత్తి, గోడకు కొట్టేవారు. చేతివేళ్ల ముద్రలతో వరసగా గోడలన్నీ నిండేవి. పలచగా తట్టిన పిడక ఎండలో రెండు రోజులకు ఆరుతుంది. ఈగ గుడ్డు పెట్టినా పురుగు బతకడానికి తడి ఉండదు. ఎవరూ ఈగకోసమని పిడక కొట్టలేదు, పొయ్యికోసమని కొట్టారు. ఈగకు మాత్రం అది చావుదెబ్బ. రెండవది ఎడ్లబండి. వేసవిలో దిబ్బ తవ్వి, బండ్లకెత్తి, పొలానికి తోలేవారు. తొలకరికి దిబ్బచోటు ఖాళీ. అప్పుడు ఈగలు లేవని, రోగాలు లేవని నేను అనడంలేదు. కలరా ఊళ్లు ఊళ్లు ఊడ్చిన కాలం అది. పేడ విషయం వరకు మాత్రం మన ముందరివాళ్లు తమకు తెలియకుండానే సగం పని చేశారు.

తరవాత ఏం జరిగింది? 1977లో తెనాలికి దగ్గరలోని వడ్లమూడిలో సంగం డెయిరీ వచ్చింది. పాలకు ఊళ్లోనే కొనుగోలు ఏర్పడింది. ఒకటి రెండు గేదెల ఇళ్లు నాలుగైదు గేదెలకు, కొన్నిచోట్ల పది ఇరవై గేదెలకు పెరిగాయి. ఇది మంచిదే, ఎన్నో ఇళ్లలో ఆడపిల్లల చదువులు ఆ పాలడబ్బుమీద నడిచాయి. అదే కాలంలో ట్రాక్టరు వచ్చి ఎడ్లు తగ్గాయి, బండి తగ్గింది. ఎరువుల బస్తా వచ్చి దిబ్బ విలువ తగ్గింది. 1999లో మొదలైన దీపం పథకంతో, ఆ తరవాతి పథకాలతో పల్లెల్లో గ్యాసు పొయ్యి వచ్చింది. ఆడవాళ్ల కళ్లకు పొగ తప్పింది. దీనికి ఎవరైనా సంతోషించవలసిందే. కాని గోడమీది పిడక పోయింది. ఒక పెద్ద గేదె రోజుకు సుమారు పదిహేను కిలోల పేడ వేస్తుందనుకుంటే, పది గేదెల చావిడినుంచి వారానికి ఒక టన్నుకు పైగా పేడ బయటికి వస్తుంది. గోడకు పోదు, పొలానికి వెంటనే పోదు. చావిడి వెనకాలే పడి ఉంటుంది. పశువులు పెరిగాయి, పేడదారులు మూసుకుపోయాయి. మన ఊళ్లలో ఈగలు ఎందుకు పెరిగాయని నన్నడిగితే నేను చెప్పే కారణం ఇదే.

ఊళ్లన్నీ ఒకటి కావు, అది కూడా చెప్పాలి. బాపట్ల వైపు సముద్రతీరపు ఇసుక నేలల్లో నీరు త్వరగా ఇంకుతుంది, దిబ్బ అడుగు ఆరుతుంది. తెనాలి చుట్టుపట్ల నల్లనేలలో చావిడి కడిగిన నీళ్లు కదలకుండా నిలుస్తాయి. రేపల్లె వైపు వానాకాలంలో దిబ్బ చుట్టూ నీరే. అందుచేత బాపట్ల ఇసుకలో సరిపోయిన ఏర్పాటు రేపల్లెలో సరిపోదు. విస్తరణ పని చేసే సోదరులు ఒకే కరపత్రం మూడు ఊళ్లకూ పంచేముందు ఇది గమనించాలి.

1977 అన్నాను గనుక ఆ సంవత్సరపు నవంబరు 19 కూడా చెప్పుకోవాలి. ఉప్పెన దివిసీమను ముంచింది, రేపల్లె, బాపట్ల తాలూకాలను కొట్టింది. వేలాది మనుషులు, లెక్కలేనన్ని పశువులు పోయారు. నీరు తీసిన తరవాత పొలాల్లో, కాలువల్లో, కంపలమీద పశువుల కళేబరాలు. వాటిని పూడ్చడం, కాల్చడం పెద్ద పని అయింది. కళేబరంమీద పెరిగేది పచ్చగా, నీలంగా మెరిసే ఈగ. ఆ రోజుల్ని చూసిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటారు. అడిగితే వాసన గురించి, ఈగల గురించే ముందు చెబుతారు. తుపాను మన తీరానికి వస్తూనే ఉంటుంది. చచ్చిన పశువును ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చే చోటు ఊరికి ముందే నిర్ణయించుకొని ఉండాలి. హఠాత్తుగా చచ్చి, ముక్కునుంచి, నోటినుంచి నల్లని రక్తం కారే పశువును అసలే కోయకూడదు. అది దొమ్మ కావచ్చు. కోస్తే లోపలి సూక్ష్మజీవి గాలి తగిలి గట్టి విత్తులాగ మారి, ఏళ్ల తరబడి మట్టిలో ఉండిపోతుంది. ఆ రక్తంమీద వాలిన ఈగ కూడా దాన్ని మోస్తుంది.

ఇక మందుల కథ. 1939లో పాల్ ముల్లర్ అనే స్విట్జర్లండు రసాయన శాస్త్రజ్ఞుడు డి.డి.టి. పురుగులను చంపుతుందని కనిపెట్టాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు. మన దేశంలో 1953లో మలేరియా నివారణ కార్యక్రమం మొదలయింది. 1954లో ఢిల్లీలో డి.డి.టి. ఫ్యాక్టరీకోసం ప్రభుత్వ సంస్థ పుట్టింది. మందు కొట్టేవాళ్లు ఇంటింటికీ తిరిగి, గోడమీద తేదీ వ్రాసి పోయేవారు. దోమతోపాటు ఈగా చచ్చింది. ఇక ఈగ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు.

అయిపోలేదు. మన దగ్గర మందు ఇంకా మొదలుకాక ముందే, 1946లో స్వీడన్‌లో డి.డి.టి.కి చావని ఇంటి ఈగలు కనబడ్డాయి. మరుసటి ఏడు ఇటలీలో కూడా. దీంట్లో మాయ ఏమీ లేదు. వెయ్యి ఈగలమీద మందు కొడితే ఏ నాలుగో పుట్టుకతోనే ఆ మందుకు తట్టుకొనేవి ఉంటాయి. తక్కినవి చచ్చి, ఆ నాలుగే పిల్లలు పెడతాయి. ఈగకు ఏడాదిలో ఎన్నో తరాలు. మనం పంటలో మంచి విత్తనం ఏరినట్టే, మందుతో మనమే మొండి ఈగను ఏరి పెంచాం. చావిడిలో ఇప్పుడు వాడే మందుల విషయంలోనూ ఇదే జరుగుతున్నది. నిరుటి మందు ఈ ఏడు పనిచేయడంలేదని దుకాణదారును తిట్టేముందు ఇది తలచుకోండి.

ఈగ చావలేదు, మందు మాత్రం పాలలోకి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 1993లో ప్రకటించిన అధ్యయనంలో 12 రాష్ట్రాలనుంచి తెచ్చిన 2205 పాల నమూనాలు పరీక్షిస్తే, సుమారు 82 శాతంలో డి.డి.టి. అవశేషాలు తేలాయి. వ్యవసాయంలో దాని వాడకాన్ని 1989లోనే నిషేధించారు. అయినా అది కొవ్వులో దాగి, మేతలోంచి పశువులోకి, పశువులోంచి వెన్నలోకి వస్తూనే ఉంది. ఈగను చంపబోయి మన పిల్లల గిన్నెలో పోసుకున్నామన్నమాట. మందే వద్దని నేను చెప్పను. రోగం చెలరేగినప్పుడు పశువైద్యుడు చెప్పిన మందు, చెప్పిన మోతాదులో, మేతమీదా పాలపాత్రలమీదా పడకుండా కొట్టవలసిందే. అది మంటమీద నీళ్లవంటిది. మంట పుట్టే చోటు వేరే ఉన్నది.

ఆ చోటు చెప్పేముందు, ఈ పూట మన పశువులకు ఈగ ఏమేం తెస్తున్నదో కొంచెం. గేదె చెవి లోపల మానని పుండు, రసి, వాసన చూసే ఉంటారు. ఆ పుండ్లలో సన్నని నూలుపోగువంటి పురుగును 1958లో ఎస్. ఎన్. సింగ్ వర్ణించాడు. ఎడ్ల మూపురంమీది పుండులో దాని చుట్టాన్ని 1936లోనే అస్సాంలో పట్టారు. ఈ పురుగు పిల్లలను పుండుమీద వాలే ఈగలే పీల్చుకొని మరో పశువు చర్మంమీద దింపుతాయని తరవాత తేలింది. పుండుకు ఎంత మంచి మందు రాసినా పైన ఈగ వాలుతుంటే మానకపోవడానికి కారణం ఇదే. అప్పుడే పుట్టిన దూడ బొడ్డు తడిగా ఉంటుంది. అక్కడ ఈగ వాలితే పురుగులు పడతాయి, చీము పడుతుంది. వెంటనే టింక్చరు అయొడిన్ పూయాలి. పొదుగువాపు ఉన్న గేదె చనుమొనలమీద వాలిన ఈగ పక్క గేదె చనుమొనమీద వాలుతుంది. పాలు పిండగానే చనుమొన రంధ్రం కొంతసేపు తెరుచుకొనే ఉంటుంది గనుక అదే ప్రమాదపు వేళ.

ఆవులు ఉన్నవాళ్లకు మరొకటి. ముద్దచర్మ వ్యాధి 1929లో ఆఫ్రికాలో, ఇప్పటి జాంబియాలో మొదట కనబడింది. తొంభై ఏళ్లు నడిచి 2019లో ఒడిశాలో మన దేశంలో అడుగుపెట్టింది. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో ఎన్నో ఆవులను తీసింది. మన రాష్ట్రానికీ వచ్చింది. ఒంటినిండా గడ్డలు, జ్వరం, పాలు పడిపోవడం. ఆ వైరస్‌ను కుట్టే ఈగలు, దోమలు మోయగలవని ప్రయోగాల్లో రుజువయింది. గేదెలకు ఇది చాలా తక్కువ. మేకల మశూచికి వేసే టీకానే దీనికీ వాడారు. 2022లో మన శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా ఒక టీకా కూడా తయారు చేశారు. టీకా వేయించడం ఎంత అవసరమో, కుట్టే ఈగ పుట్టే కుళ్లుగడ్డిని ఎత్తివేయడం అంతే అవసరం.

మన బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వచ్చింది. ఆంధ్ర పశువైద్య కళాశాల కూడా 1955లో బాపట్లలోనే మొదలై, తరవాత తిరుపతికి పోయింది. ఈగ పుట్టుక పాఠం ఈ నేలకు కొత్తదికాదు. ఆ పాఠం ఏమిటంటే: ఆడ ఈగ ఒక కాన్పుకు నూరునుంచి నూటయాభై గుడ్లు తడిపేడలో పెడుతుంది. ఒక్క రోజులో తెల్లని పురుగు వస్తుంది. మన ఎండల్లో నాలుగైదు రోజులు తిని, గోధుమరంగు గూడు కట్టుకొని, మరి నాలుగైదు రోజులకు ఈగై లేస్తుంది. అంటే పేడ పడిన నాటినుంచి సుమారు పది రోజులు. ఆ పది రోజుల్లో అది ఎగరలేదు, మన చేతిలో ఉన్నది. పదకొండో రోజున అది గాలిలో ఉంటుంది, అప్పుడు మనం తువ్వాలు విసురుకుంటూ ఉంటాం.

ఈ సంగతిమీద కట్టిన ఉపాయాలు పాతవే. 1914, 1915 ప్రాంతాల అమెరికా వ్యవసాయశాఖలో హచిసన్ అనే ఆయన ఒక సంగతి గమనించాడు. గూడు కట్టే ముందు పురుగు తడిలోనుంచి పొడిచోటుకు పాకుతుంది. ఆయన పేడను బద్దల అరుగుమీద పేర్చి, కింద సిమెంటు తొట్టిలో నీళ్లు పెట్టాడు. పొడిచోటు వెతుకుతూ బయటికి పాకిన పురుగులు నీళ్లలో పడి చచ్చాయి. మన దగ్గర ఇండోరులో ఆల్బర్ట్ హోవర్డ్, వై. డి. వాడ్ పేడ, చెత్త పొరలు పొరలుగా వేసి, గాలి తగిలేలా తిప్పుతూ ఎరువు చేసే పద్ధతిని 1931లో పుస్తకంగా ప్రకటించారు. సరిగా పేర్చిన కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ వేడిలో ఈగపురుగు బతకదు. బతికేవి చల్లగా ఉన్న పై పొరలోనివి. అందుకే కుప్ప తిప్పి పైది లోపలికి వేయాలి. గోబరుగ్యాసు గుంటలోకి ఏరోజు పేడ ఆరోజు పోతే ఈగకు గుడ్డుపెట్టే చోటే దొరకదు. గోడమీది పిడక పోయినచోట దాని పని చేయగలిగింది ఇదే అని నా నమ్మకం. గ్యాసూ దొరుకుతుంది, ఎరువూ దొరుకుతుంది.

గుంట కట్టలేనివాళ్లు కూడా వారానికి రెండుసార్లు పేడ చావిడినుంచి కదిలించి, పొలంగట్టుమీద పలచగా పరవడమో, కుప్ప వేసి మట్టి గట్టిగా మెత్తడమో చేయవచ్చు. గాడిచెత్త ఏరోజుకారోజు ఎత్తాలి. గడ్డివాము అడుగు తడవకుండా ఎత్తుమీద వేసుకోవాలి. తెనాలి నల్లనేలలో అయితే చావిడి వెనక చిన్న కాలువ తీసి కడుగునీళ్లను కూరమళ్లకు పారించండి. ఇవన్నీ మీకు తెలిసినవే; వారంలో ఎన్నోరోజు చేస్తున్నామన్నదే తేడా. పది రోజులు దాటనిస్తే చేసిన పనంతా ఈగకే చేసినట్టు.

ఒక్క ఇంటితో ఇది తీరదు. ఇంటి ఈగ అరకిలోమీటరు సులభంగా తిరుగుతుంది, ఇంకా దూరం కూడా పోగలదు. మీ చావిడి అద్దంలాగ ఉన్నా, పక్కింటి పెదనాన్నగారి దిబ్బ తడిగా ఉంటే ఆ ఈగలు మీ పాలమీదే వాలుతాయి. పెదనాన్నగారితో తగువు పెట్టుకోకండి. విస్తరణ పని చేసే సోదరులు పాలకేంద్రం దగ్గర, పాలు పోయడానికి అందరూ వచ్చే వేళ, ఈ సంగతి ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పవచ్చు. చెప్పేకంటె చూపించడం మేలు. ఏదైనా దిబ్బ అంచున, పొడిగా ఉన్నచోట, జానెడు లోతు పార వేసి మట్టి తిరగవేయండి. గోధుమగింజలంతవి, అదే రంగువి, గట్టి గూళ్లు రాలుతాయి. అరచేతిలోకి తీసుకొని లెక్కపెట్టండి. వచ్చే వారం మీ ఊళ్లో లేచే ఈగలు అవే.